కొండ మీద కుదిరిన పనోరమా గుడిలో ఎందుకు విరిగింది?

ముందు మీ ప్రశ్నని నాలుగు ముక్కల్లో మళ్ళీ రాస్తున్నా, తర్వాత వచ్చి చదివేవాళ్ళకి అర్థం కావాలి కదా. మీ దగ్గర 24 మెగాపిక్సెళ్ళ క్రాప్ సెన్సర్ డీఎస్ఎల్ఆర్, దాంతో వచ్చిన 18-55 మిల్లీమీటర్ల కిట్ లెన్స్ ఉన్నాయి. గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడి, కెమెరా చేత్తోనే పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఇరవై ఫోటోలు తీసి ఒకే పనోరమాగా కలిపితే అతుకు ఎక్కడుందో పట్టుకోలేనంత బాగా వచ్చింది. అదే ఊపులో హనుమకొండ వేయిస్తంభాల గుడిలో తీస్తే స్తంభాలు నడుం దగ్గర విరిగినట్టు, కొన్ని రెండేసిగా వచ్చాయి. సాఫ్ట్‌వేర్ మార్చినా అంతే. చాలా వెడల్పుగా చూసే ఫిష్‌ఐ లెన్స్ లేదని బాధపడ్డారు. ఇప్పుడు ఒక్క నొక్కుతో చుట్టూ తీసేసే 360 కెమెరా కొనెయ్యాలా, అసలు ఈ పిచ్చి పెట్టుకుని నాలుగు డబ్బులు సంపాదించినవాళ్ళున్నారా అని అడిగారు.

మాది హనుమకొండే. పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్‌ని. 2009లో పట్టుకుంది నాకీ గుండ్రటి ఫోటోల పిచ్చి, ఇంకా వదల్లేదు. నా మొదటి పనోరమా విరిగింది కూడా అదే గుడిలో, బహుశా మీరు నిలబడ్డ చోటికి పది అడుగుల అవతల. కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతా, ఓపిక పట్టండి.

తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. ఒక కన్ను మూసుకుని, బొటనవేలు ముఖానికి జానెడు దూరంలో పెట్టి, గోడ మీది గడియారం కనపడకుండా అడ్డం పెట్టండి. ఇప్పుడు తల కొంచెం పక్కకి జరపండి. గడియారం బయటపడింది కదా. గుడిలో జరిగిందీ ఇదే. మీరు కెమెరా పట్టుకుని తిరిగినప్పుడు అది తన చుట్టూ తాను తిరగలేదు, మీ వెన్నెముక చుట్టూ గానుగెద్దులా తిరిగింది. ఒక్కో ఫోటోకీ లెన్స్ ఒక్కో చోట ఉంది. మొదటి ఫోటోలో స్తంభం చాటున దాగిన శిల్పం రెండో ఫోటోలో బయటికొచ్చింది. ఈ రెండూ కలపమంటే సాఫ్ట్‌వేర్ మాత్రం ఏం చేస్తుంది? స్తంభం కలిపితే శిల్పం విరుగుతుంది, శిల్పం కలిపితే స్తంభం విరుగుతుంది.

లెక్క వేసి చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. ఒక ఫోటోకీ మరో ఫోటోకీ మధ్య లెన్స్ 5 సెంటీమీటర్లు జరిగిందనుకుందాం. స్తంభం ఒక మీటరు దూరంలో, వెనక గోడ 10 మీటర్ల దూరంలో ఉంటే, గోడ మీద స్తంభం సుమారు 2.6 డిగ్రీలు పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది. చుట్టూ తిరిగిన పనోరమా వెడల్పు 12,000 పిక్సెళ్ళయితే డిగ్రీకి 33 పిక్సెళ్ళు పడతాయి. అంటే అతుకు దగ్గర 85 పిక్సెళ్ళ తేడా. విరక్క ఏం చేస్తుంది? అదే గండికోటలో దగ్గరి బండ వంద మీటర్ల అవతల, దూరపు కొండ కిలోమీటరు అవతల ఉంటే, అదే 5 సెంటీమీటర్లకి తేడా ఒక్క పిక్సెల్ కూడా రాదు. అక్కడ మీ చెయ్యి గట్టిదని కాదు, లోయ పెద్దది కాబట్టి బతికిపోయారు.

దీనికి మందు ఒకటే. ప్రతి లెన్స్‌కీ ఒక బిందువు ఉంటుంది, కెమెరా ఆ బిందువు చుట్టూ తిరగాలి. మనవాళ్ళంతా దాన్ని నోడల్ పాయింట్ అంటారు. శాస్త్రం ప్రకారం ఆ పేరు తప్పు. లెన్స్ ముందు నుంచి లోపలికి తొంగి చూస్తే వెలుతురు లోపలికి పోయే అపర్చర్ రంధ్రం ఎక్కడ ఉన్నట్టు కనిపిస్తుందో అదీ అసలు చోటు. పేరు దగ్గర పేచీ పెట్టుకోను, షాపులో నోడల్ అంటేనే అర్థమవుతుంది. ఆ చోటు దాదాపు ఎప్పుడూ ట్రైపాడ్ మర బిగించే చోటుకి ముందే ఉంటుంది కాబట్టి మామూలు ట్రైపాడ్ మీద పెట్టి తిప్పినా స్తంభం విరుగుతుంది. కెమెరాని వెనక్కి జరిపి బిగించే పట్టీ కావాలి. దాన్నే పనోరమా హెడ్ అంటారు.

నేను మొదలుపెట్టినప్పుడు ఆ హెడ్ బయటి దేశం నుంచే తెప్పించుకోవాలి. ధర చూస్తే రెండు పెళ్ళిళ్ళంత ఉంది (నా పెళ్ళిళ్ళు కావు, ఆర్డర్లు). అల్యూమినియం కిటికీలు చేసే షాపుకి వెళ్ళి మిగిలిపోయిన ఎల్ యాంగిల్ ముక్కలు రెండు అడిగా. లేత్ షాపు భాయ్ వాటికి పొడుగ్గా గాడి కోసి, కెమెరా మరకి సరిపోయేలా బోల్టు చేసిచ్చాడు. "దీంతో ఏం చేస్తావ్ సార్, తుపాకీనా?" అని అడిగాడు. కింద తిరిగే పళ్ళెం మీద మా అమ్మాయి జామెట్రీ బాక్సులోని కోణమాని అంటించి, 60 డిగ్రీలకోసారి ఎర్ర మార్కర్‌తో గీతలు గీశా. సమతలం చూసుకోవడానికి మేస్త్రీలు వాడే చిన్న రసమట్టం. అన్నీ కలిపి ఆరువందలు దాటలేదు. అప్పుడు నా దగ్గర నికాన్ డీ90, సెకండ్ హ్యాండ్‌లో కొన్న 10.5 మిల్లీమీటర్ల ఫిష్‌ఐ ఉండేవి. చుట్టూ ఆరు, పైకొకటి, కిందికొకటి, మొత్తం ఎనిమిది ఫోటోలు. పదకొండు కేజీల పెళ్ళి బ్యాగులో ఆ ఇనప సామాను కూడా వేసుకుని తిరిగేవాణ్ణి.

ఇప్పుడు హెడ్‌లు ఇక్కడే దొరుకుతున్నాయి. కొన్నా, చేయించుకున్నా, బిందువు మాత్రం మీరే వెతుక్కోవాలి. ఇంట్లో కిటికీ ముందు ట్రైపాడ్ వేయండి. కెమెరా నిలువుగా బిగించండి. లెన్స్‌ని 18 దగ్గర పెట్టి జూమ్ రింగు కదలకుండా టేపు వేసెయ్యండి, ఎందుకంటే జూమ్ మారితే బిందువూ మారుతుంది. అడుగు దూరంలో కిటికీ ఊచ, దాని వెనక ఎక్కడో సెల్ టవర్, రెండూ ఒకే గీతలో పడేలా ట్రైపాడ్ సర్దుకోండి. కెమెరాని పక్కకి తిప్పి ఆ రెండూ ఫ్రేములో ఎడమ అంచున ఉన్నప్పుడు ఒక ఫోటో, కుడి అంచుకి వచ్చాక ఒక ఫోటో. రెండిటినీ పెద్దది చేసి చూడండి. ఊచ పక్క నుంచి టవర్ తొంగి చూసిందంటే కెమెరాని పట్టీ మీద అర సెంటీమీటరు వెనక్కి జరిపి మళ్ళీ తీయండి. తేడా పెరిగితే ముందుకి జరపండి. ఒక చోట ఊచా టవరూ ఎంత తిప్పినా అతుక్కునే ఉంటాయి. అక్కడ పట్టీ మీద గీత గీసుకోండి. నా పాత పట్టీ మీద ఆ గీత మేకుతో గీకింది ఇప్పటికీ ఉంది.

ఇంకొక్కటి, చాలామంది వదిలేసేది: పక్కవాటు కూడా సరిగ్గా ఉండాలి. కెమెరాని నిట్టనిలువునా నేలవైపు వంచి చూస్తే తిరిగే ఇరుసు ఫ్రేముకి సరిగ్గా నడుమ కనపడాలి. అది తప్పితే ఊచ పరీక్ష ఎన్నిసార్లు చేసినా కుదరదు, మీకు పిచ్చెక్కుతుంది.

ఫిష్‌ఐ లేదని మీరు బాధపడ్డారు. అవసరం లేదు. మీ 18 మిల్లీమీటర్ల దగ్గర కెమెరా నిలువుగా పెడితే పక్కలకి సుమారు 47 డిగ్రీలు, నిలువులో 66 డిగ్రీలు వస్తుంది. 30 డిగ్రీలకో ఫోటో చొప్పున చుట్టూ పన్నెండు; నేరుగా ఒక వరస, 45 డిగ్రీలు పైకెత్తి ఒక వరస, 45 డిగ్రీలు కిందికి దించి ఒక వరస. పైకప్పుకి ఒకటి, నేలకి ఒకటో రెండో. నలభై దాకా అవుతాయి. ఫిష్‌ఐతో ఎనిమిదే కదా అంటారు. నిజమే, కానీ ఈ నలభై కలిపితే సుమారు 28,800 పిక్సెళ్ళ వెడల్పు, అందులో సగం ఎత్తు ఉన్న ఫోటో వస్తుంది. గుడి కదలదు. పావుగంట పడితే పట్టనివ్వండి.

కెమెరాలో ఆటో అనే మాట ఎక్కడ కనిపించినా ఆపేయండి. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్, అన్నీ మాన్యువల్. 18 దగ్గర అపర్చర్ ఎఫ్/8 పెట్టి 2 మీటర్లకి ఫోకస్ చేసి వదిలేస్తే మీటరు దూరం నుంచి చివరిదాకా పదునుగానే ఉంటుంది. ఫైళ్ళు రా (RAW) ఫార్మాట్‌లోనే తీయండి. నా మొదటి ఫంక్షన్ హాల్ పనోరమాలో వైట్ బ్యాలెన్స్ ఆటోలో మర్చిపోయి, గోడ మీద ఒక పలక పసుపు, ఒక పలక నీలంగా వచ్చింది. హాల్ ఓనరు "ఇది మా పెయింటర్ పనా మీ పనా" అన్నాడు.

గుళ్ళలో అసలు కష్టం వెలుతురు. రామప్పలో రంగమండపం లోపల చూరు కింద ఒక సెకను ఎక్స్‌పోజర్ పడుతుంటే, పక్కనే బయట ఎండలో 1/250 చాలు. ఎనిమిది స్టాపుల తేడా (ఒక్కో స్టాపుకీ వెలుతురు రెట్టింపు). ఒక్క ఫోటోలో పట్టదు. రెండేసి స్టాపుల తేడాతో ఐదు తీయాలి: ఒక సెకను, 1/4, 1/15, 1/60, 1/250. అంటే ఫిష్‌ఐ ఎనిమిది ఫోటోలే నలభై అయ్యాయి, మీ నలభై అయితే రెండువందలు. అందుకే అలాంటి చోట్లకి నేను పొద్దున్నే వెళ్తా, లేదా మబ్బు పట్టిన రోజు చూసుకుంటా. జూలైలో ముసురు పట్టి టూరిస్టులు తిట్టుకునే రోజు నాకు పండగ. ఐదింటినీ కలిపేటప్పుడు వెలుగునీ చీకటినీ ఒకే ఫోటోలో చూపించే హెచ్‌డీఆర్ మీట ఒకటి ఉంది కదా అని చివరిదాకా లాగకండి. రాయి ప్లాస్టిక్ అయిపోతుంది. చూరు కింద చీకటి చీకటిగానే ఉండాలి, అందులో ఏముందో తెలిస్తే చాలు.

పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో ట్రైపాడ్‌కి ముందస్తు అనుమతి కావాలి. మర్చిపోయి వెళ్తే కాపలా ఆయన ఆపుతాడు, ఆపడం ఆయన పని. ఆయనతో వాదించి లాభం లేదు. గర్భగుడి జోలికి పోవద్దని మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక నేల. కెమెరాని కిందికి వంచితే ట్రైపాడ్ కాళ్ళే కనిపిస్తాయి. అన్నీ అయ్యాక ట్రైపాడ్ తీసేసి, అదే చోటుకి కాస్త పక్క నుంచి నేలని చేత్తో ఒక ఫోటో తీసి అతికించాలి. చేత్తో తీస్తే బిందువు తప్పుతుంది కదా అని అడుగుతారేమో. తప్పుతుంది, కానీ నేల చదును. చదునైన దానిలో ఒకటి ముందు, ఒకటి వెనక ఉండవు కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని సాగదీసి సరిచేయగలదు. ఫోటోలు కలిపే పీటీగుయ్ సాఫ్ట్‌వేర్‌లో దానికి వ్యూపాయింట్ సవరణ ఉంది. డబ్బు పెట్టలేకపోతే హగిన్ ఉచితం. జర్మనీలో హెల్ముట్ డెర్ష్ అనే భౌతికశాస్త్ర ప్రొఫెసర్ 1998లో రాసి అందరికీ ఇచ్చిన పనోరమా టూల్స్ మీదే హగిన్ నిలబడింది. ఈ పనిలో ఉన్నవాళ్ళం ఎవరమైనా ఆయనకి ఎంతో కొంత బాకీయే.

ఇదంతా చేతిపని. రెండు వారాల్లో వచ్చేస్తుంది. నాకు పట్టిన పిచ్చి మాత్రం ఇది కాదు.

పెళ్ళి ఫోటోలో నాకు ఫ్రేము ఉంది. పెళ్ళికూతురి వెనక ప్లాస్టిక్ కుర్చీల గుట్ట ఉంటే నేను రెండడుగులు పక్కకి జరుగుతా, కుర్చీలు మాయం. చుట్టూ అంతా వచ్చే 360 ఫోటోలో ఆ వెసులుబాటు లేదు. కుర్చీలు ఉంటాయి. నా చెప్పులు కూడా ఉంటాయి, మర్చిపోయి అక్కడే విడిస్తే. ఏది చూపించాలి, ఏది దాచాలి అన్నది నా చేతిలో లేదు. మిగిలేవి మూడు: ఎక్కడ నిలబెట్టాలి, ఎంత ఎత్తులో, ఏ వేళకి. ముప్పైయేళ్ళు ఫ్రేములు కట్టినవాణ్ణి, ఈ మూడింటితోనే ఫోటో తియ్యమనేసరికి మళ్ళీ అప్రెంటిస్‌నయ్యా. అందులోనే ఉంది మజా.

రామప్పలో మొదటిసారి అందరిలాగే రంగమండపం నట్టనడుమ, ఆ గుండ్రటి రాతి వేదిక మీద మధ్యబిందువు కొలిచి మరీ పెట్టా. నాలుగు స్తంభాలూ సమాన దూరంలో, సమాన ఎత్తులో వచ్చాయి. ఎంత సరిగ్గా ఉందో అంత చప్పగా ఉంది. ఎటు తిప్పినా ఒకటే బొమ్మ. నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళి, కెమెరాని ఒక స్తంభానికి మూడడుగుల దగ్గరికి జరిపా. ఇప్పుడు ఒక స్తంభం మీద పడుతున్నంత దగ్గర, దాని అంచుల చెక్కడం గోరుతో తడిమి చూడబుద్ధయ్యేలా ఉంది. మిగతా మూడూ వెనక్కి తగ్గి నిలబడ్డాయి. చూసేవాడు ముందు ఆ దగ్గరి స్తంభాన్ని చూసి, పైకి చూసి, తర్వాత మిగతా మండపం కోసం తిరుగుతాడు. ఫ్రేము లేకపోయినా కంటికి ఒక దారి దొరికింది. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది, వేలమంది ఫోటోలు తీశారు. ఆ మూడడుగులు జరగడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. అన్నట్టు, చూరు కింది మదనికల శిల్పాలు మండపం లోంచి కనిపించవు. వాటికి బయట వేరే చోటు వెతుక్కోవాలి. ఒకే పనోరమాలో గుడంతా వచ్చేయాలన్న ఆశ వదులుకోండి.

ఎత్తు సంగతి. ట్రైపాడ్ పూర్తిగా లేపి ఆరడుగుల మీద పెడితే ఇంట్లో గదులు పొట్టిగా కనిపిస్తాయి, చూసేవాడు స్టూలెక్కినట్టుంటుంది. నిలబడే చోటయితే ఐదడుగుల లోపు. జనం కూర్చునే చోటయితే, అంటే అరుగు, భజన మందిరం, పంక్తి భోజనాలు, అక్కడ మూడున్నర అడుగులకి దించుతా. భోజనాల బంతి మధ్యలో కూర్చున్న ఎత్తులో తీసిన పనోరమా చూసి మా బావమరిది ఫోన్ తిప్పుతూ "ఎవడ్రా పప్పు ఇటు తేవట్లేదు" అన్నాడు. అంతకంటే పెద్ద మెప్పు నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఈ కోరిక కొత్తదేం కాదు. రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు ఎడింబరో ఊరిని చుట్టూ తిరిగి చూసినట్టు గుండ్రటి గోడ మీద చిత్రించే పద్ధతికి 1787లో పేటెంట్ తీసుకున్నాడు. పనోరమా అన్న మాట ఆ బొమ్మలతోనే పుట్టింది. 1793లో లండన్ లెస్టర్ స్క్వేర్‌లో దానికోసం గుండ్రటి భవనమే కట్టాడు. జనం టికెట్టు కొని నడుమ గట్టు మీద నిలబడి చుట్టూ తిరిగి చూసేవాళ్ళు. ఫోటోలొచ్చాక ఫెలీచే బియాటో అనే ఫోటోగ్రాఫర్ 1858లో ఢిల్లీ జామా మసీదు మీనారెక్కి ఊరంతా వరసగా తీసి కలిపాడు. ఇంకో ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 1878లో శాన్‌ఫ్రాన్సిస్కోని 13 పలకల మీద తీశాడు, పరిస్తే 17 అడుగుల పొడవు. గంటల తరబడి తీసిన పని కాబట్టి పలకకీ పలకకీ నీడలు జరిగిపోయాయి. మీకూ అదే సమస్య వస్తుంది, మబ్బు కదిలే రోజు ఎండ వైపు ముందు తీసెయ్యండి.

360లో ఏది బాగా రాదో కూడా చెప్పాలి. ఖిలా వరంగల్‌లో నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. మామూలు ఫోటోలో ఒకటో రెండో వస్తాయి. నాలుగూ ఒక్కసారి చూపించాలంటే 360 తప్ప దారి లేదు అనుకుని పరిగెత్తా. వచ్చిన ఫోటోలో తోరణాలు అగ్గిపుల్లల్లా ఉన్నాయి. పది మీటర్ల ఎత్తున్న కట్టడం డెబ్బై మీటర్ల దూరంలో ఉంటే 8 డిగ్రీలే. నా 12,000 పిక్సెళ్ళ ఫోటోలో 270 పిక్సెళ్ళు. దూరపు వస్తువుల్ని ఈ ఫోటో మింగేస్తుంది, దగ్గరి వస్తువుల్ని పైకి తెస్తుంది. తర్వాత 35 మిల్లీమీటర్ల లెన్స్‌తో వరసలు వరసలుగా వంద దాకా తీసి కలిపితే తోరణం మీది హంసలు కనిపించాయి. కంప్యూటర్ మాత్రం రాత్రంతా రొద పెట్టింది.

నాకు బాగా నచ్చిన నా పని గుడి కాదు, ఒక ఇల్లు. తణుకు దగ్గర పల్లెలో పాత మండువా ఇల్లు, కూల్చి మేడ కడుతున్నారు. పెద్దకొడుకు అమెరికాలో ఉంటాడు, కూల్చేముందు ఫోటోలు కావాలన్నాడు. మండువా ఇల్లంటే 360 కోసమే కట్టారా అనిపిస్తుంది. నడుమ ఆకాశం, నాలుగు వైపులా పెంకుల చూరు, చూరు కింద వసారా, వసారాలోకి గదుల గుమ్మాలు. మండువాలో వాననీళ్ళు పడే పల్లం పక్కన కెమెరా పెట్టా. ఇంటివాళ్ళు అన్నీ సర్దేయబోతే వద్దన్నా. ఉట్టి, తిరగలి, వారగా నిలబెట్టిన మడతమంచం, దండెం మీద తువ్వాలు, అన్నీ అలాగే ఉంచాం. ముసలమ్మగారు మాత్రం "నా మొహం దేనికి బాబూ" అని వంటింట్లోంచి బయటికి రాలేదు.

నెల తర్వాత ఆ కొడుకు ఫోన్ చేశాడు. వంటింటి గుమ్మం పక్క గోడని పెద్దది చేసి చూశాడట. సున్నం మీద బొగ్గుతో నాలుగు గీతలు నిలువుగా, ఐదోది అడ్డంగా, అలా వరసలు. పాల లెక్క. గేదెలు అమ్మేశాక వాడుకగా పాలు పోసినవాడి లెక్క. ఆ గీతలు ఫలానా ఎండాకాలంవి, ఆ నెల పాలవాడు రెండు రోజులు ఎగ్గొట్టాడు అని అమ్మగారు ఫోన్‌లోనే చెప్పారట. ఆ ఇంట్లో రెండు రోజులున్నా, ఆ గోడని నేను చూడలేదు. ఫ్రేము నా చేతిలో ఉండి ఉంటే అందమైన చూరు తీసేవాణ్ణి, బొగ్గు గీతలు వచ్చేవి కావు.

ఇక 360 కెమెరా కొనాలా అన్న మాట. మీరు తీయాలనుకునేవి గుళ్ళు, గుహలు, పాత ఇళ్ళు అయితే ఇప్పుడే వద్దు. వెనకా ముందూ రెండు లెన్స్‌లున్న ఈ కెమెరాలు ఒక్క నొక్కుతో చుట్టూ తీసేస్తాయి, కానీ రెండు లెన్స్‌లూ ఒకే బిందువులో ఉండలేవు కదా. అతుకు పడే వైపు మీటరు లోపు ఏదైనా ఉంటే అక్కడ మళ్ళీ మీ విరిగిన స్తంభమే. రికో థీటా జెడ్1 మంచి కెమెరా, ఒక అంగుళం సెన్సర్లు, దాని ఫోటో 6,720 పిక్సెళ్ళ వెడల్పు. మీ కిట్ లెన్స్‌తో వచ్చే 28,800 పక్కన పెట్టి చూసుకోండి.

జనం కదులుతున్న చోట మాత్రం దానికి సాటి లేదు. బతుకమ్మ చూడండి. డీఎస్ఎల్ఆర్‌తో ఆరు వైపులా తీసేలోపు వలయం తిరిగిపోతుంది, ఒకే ఆమె మూడుసార్లు వస్తుంది, ఒకామెకి చేతులే ఉంటాయి. పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల నాడు, ముందే అడిగి ఒప్పించుకుని, బతుకమ్మల పక్కన సన్న కర్రకి 360 కెమెరా కట్టి వలయం నడుమ నిలబెట్టా. ఎత్తు నాలుగడుగుల పైన, వంగి చప్పట్లు కొట్టేటప్పుడు వాళ్ళ ముఖాలకి సమానంగా. ఫోన్‌తో నొక్కుదామంటే ఆ జనంలో వైఫై తెగిపోయింది. పది సెకన్లకోసారి దానంతటదే తీసేలా పెట్టి పక్కకొచ్చేశా. నాలుగువందల ఫోటోల్లో ఒకటి కుదిరింది. చుట్టూ అందరూ ఒక్కసారే వంగి ఉన్నారు, ఒక్క చిన్నపిల్ల మాత్రం నిలబడి నేరుగా కెమెరాలోకి చూస్తోంది. బతుకమ్మని బయట నిలబడి తీసిన ఫోటోలు నా దగ్గర వేలున్నాయి, అవన్నీ వీపులే.

డబ్బు సంగతి దాపరికం లేకుండా చెబుతా. నా ఇంటికి అన్నం పెట్టింది పెళ్ళిళ్ళే. 360 పనులు హోటళ్ళు, ఫంక్షన్ హాళ్ళు, కాలేజీలు, అపార్టుమెంట్ల మోడల్ ఫ్లాట్ల నుంచి వస్తాయి. కొనేవాడు డల్లాస్‌లో, ఫ్లాటు కొంపల్లిలో అయితే తెర మీదే ఇల్లంతా తిరిగి చూసే వర్చువల్ టూర్ అడుగుతారు. కరోనా రోజుల్లో పెళ్ళిళ్ళు ఆగిపోయినప్పుడు ఈ పనే నన్ను నిలబెట్టింది. ఆ తర్వాత తగ్గింది, ఎందుకంటే బ్రోకర్ కుర్రాళ్ళే చిన్న 360 కెమెరా కొనుక్కుని గంటలో ఇల్లంతా తీసేస్తున్నారు. వాళ్ళతో ధరలో పోటీ పడలేం. వాళ్ళు తీయలేనివి, అంటే కిటికీ బయటి వెలుతురు, గది లోపలి చీకటి రెండూ నిలిచేలా తీయడం, ఆ పని కావాలనేవాళ్ళు కొద్దిమందే ఉంటారు. రేటు చదరపు అడుగులకి మాట్లాడుకోకండి, ఎన్ని చోట్ల ట్రైపాడ్ వేస్తారో ఆ లెక్కన మాట్లాడుకోండి. బయానా చేతిలో పడకుండా ట్రైపాడ్ విప్పకండి. ఒక రిసార్టు వాళ్ళు "శాంపిల్‌గా రెండు గదులు తీయండి సార్" అని తీయించుకుని, ఆ రెండే వెబ్‌సైట్లో పెట్టేసుకున్నారు. మూడేళ్ళు వాడుకున్నారు.

మీ సొంత ఫోటోలు చూపించుకోవడానికి ఖర్చేమీ లేదు. వెడల్పు ఎత్తుకి సరిగ్గా రెండింతలుండేలా జేపెగ్ తీస్తే పన్నెల్లమ్ లాంటి ఉచిత వ్యూయర్‌లో పెట్టుకోవచ్చు, గూగుల్ మ్యాప్స్‌లోకీ ఎక్కించవచ్చు. దానంతటదే తిరిగే మీట మాత్రం ఆపేయండి. చూసేవాడి మెడ మనం తిప్పకూడదు.

ప్రస్తుతానికి ఏదీ కొనకుండా ఈ ఆదివారం కిటికీ ఊచ పరీక్ష చేయండి. మామూలు ట్రైపాడ్ మీద ఇంట్లో ఉన్న చెక్క పట్టీకి బోల్టు కొట్టి చేసినా సరే. ట్రైపాడ్ ఇరుసు నుంచి కెమెరా అడుగున మర బిగించే చోటు దాకా 18 దగ్గర ఎన్ని మిల్లీమీటర్లు వచ్చిందో కొలిచి ఇక్కడే కింద రాయండి, ఊచ ఫోటోలు రెండూ పెట్టండి. పక్కవాటు తప్పిందో ముందూ వెనకా తప్పిందో వాటిని చూస్తే చెప్పగలను. అది కుదిరాక వేయిస్తంభాల గుడికి వెళ్దురుగాని. అనుమతి కాగితం ఎలా పెట్టాలో అప్పుడు చెబుతా. నేనూ ఊళ్ళోనే ఉంటా.